మల్టీమీడియా విభాగమునకు పనివారెవరు? పాలకొల్లు చరిత్ర నుండి ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చినప్పుడు గోదావరి డెల్టాలోని మన మందిరములు కూడ తలుపులు మూసుకోవలసి వచ్చింది. ఆ తరువాతి ఆదివారములలో అనేకమంది సేవకులు సెల్‌ఫోనును పుస్తకముల దొంతరకు ఆనించి, దాని ఎదుట నిలబడి వాక్యము చెప్పారు. కొన్ని నెలలు గడిచేసరికి సెల్‌ఫోను స్థానములో కెమెరా వచ్చింది. కెమెరా వెనుక మిక్సరు, లైట్లు, కంప్యూటరు వచ్చాయి. నేడు ఒక మోస్తరు సంఘము కూడ "మా మల్టీమీడియా విభాగము" అని చెప్పుకొంటున్నది. విభాగము ఉన్నది సరే, అందులో పనిచేసేది ఎవరు? వారికి పని నేర్పినది ఎవరు? వారికి మనము ఇస్తున్నది ఏమిటి? ఈ ప్రశ్నలు అడిగితే చాలాచోట్ల జవాబు దొరకదు.

ఈ వ్యాసములో ఆ ప్రశ్నలను చరిత్ర ముందు పెట్టదలిచాము. అందుకు పాలకొల్లును ఎంచుకొన్నాము. కారణము సులభమే. పాలకొల్లు పశ్చిమ గోదావరి జిల్లాలో కాలువల మధ్య ఉన్న చిన్న పట్టణము. క్షీరారామముతో పంచారామములలో ఒకటిగాను, ఒకప్పటి డచ్చి వర్తకస్థానముగాను చరిత్రకు తెలిసిన ఊరు. అక్కడ సినిమా స్టూడియో లేదు, ఫిలిం కడిగే లేబొరేటరీ లేదు. అయినప్పటికీ తెలుగు సినిమాకు ఆ ఊరు ఇచ్చినంతమంది నటులను, దర్శకులను ఆ పరిమాణముగల మరొక ఊరు ఇచ్చినదని చెప్పడము కష్టము. పనిముట్లు లేని ఊరు ఇందరు పనివారిని ఎట్లు ఇవ్వగలిగింది? పనిముట్లు అన్నీ ఉన్న మన విభాగములకు పనివారు ఎందుకు నిలువడము లేదు? ఈ రెండు ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చూడడమే మా ఉద్దేశము.

1. అచ్చు కాలిపోయినా పని ఆగలేదు

సినిమాకు, రేడియోకు ముందు సంఘము ఎరిగిన ఉత్పత్తి విభాగము ముద్రణాలయము. కనుక అక్కడి నుండి మొదలుపెడదాము.

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజి 1805లో విశాఖపట్నము చేరారు. తెలుగు నేర్చుకొని సువార్తల అనువాదము ప్రారంభించారు. ఆ పనిలో వారికి చేదోడుగా నిలిచినది ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు. క్రాన్ 1809లోను, డిగ్రాంజి 1810లోను మరణించారు. అయినా వారు అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపూరు ముద్రణాలయములో అచ్చయ్యాయి. అనువాదకులు పోయిన తరువాత పని పూర్తికావడానికి కారణము, ఆ పని ఒక్క మనిషి చేతిలో ఉండిపోకపోవడమే.

శ్రీరాంపూరు సంగతి ఇంకా గమనింపదగినది. 1812 మార్చి 11న ఆ ముద్రణాలయములో అగ్నిప్రమాదము జరిగింది. కాగితము, వ్రాతప్రతులు, అనేక భాషల అచ్చు అక్షరములు కాలిపోయాయి. అయితే ముద్రణ యంత్రములు, అక్షరములు పోతపోయడానికి ఆధారమైన ఉక్కు పంచీలు మిగిలాయి. కరిగి ముద్దయిన సీసమును పోగుచేసి మళ్లీ అక్షరములు పోశారు. కొద్ది నెలలలోనే అచ్చుపని తిరిగి సాగింది. పంచీలు మిగలడము అదృష్టమే. అయితే వాటితో అక్షరము పోయగల చేతులు లేకపోతే ఆ అదృష్టము ఎందుకు కొరగాదు. ఆ చేతులు ఒక తరములో తయారైనవి కావు. చార్లెస్ విల్కిన్స్ వద్ద పనిచేసిన పంచానన కర్మకారుడు శ్రీరాంపూరు వచ్చి అక్షరములు చెక్కాడు. తన అల్లుడు మనోహరుడికి ఆ విద్య నేర్పాడు. 1804 ప్రాంతములో పంచాననుడు చనిపోయాడు. ఎనిమిదేళ్ల తరువాత వచ్చిన ప్రమాదమును తట్టుకొన్నది అతడు నేర్పిపోయిన విద్య.

పాలకొల్లు ప్రాంతమునకు సువార్త తెచ్చినవారి చరిత్ర కూడ ఇదే చెబుతుంది. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తోపాటు ఇంగ్లండు నుండి బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్థిరపడి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశారు. బౌడెన్ రాతిపనివాడు. బీర్ చెప్పులు కుట్టేవాడు. ఇద్దరూ డెవన్ ప్రాంతములోని బార్న్‌స్టేపుల్ పట్టణమువారు. పెద్ద సొసైటీ వెనుక లేదు, నెలజీతము హామీ లేదు. చేతిలో ఉన్నది ఒక వృత్తి, నేర్చుకొనే ఓర్పు. పని తెలిసిన చేతికి కొత్త పని నేర్పడము సులభమని ఎరిగినవారికి ఈ ఎంపిక వింతగా తోచదు.

2. పాలకొల్లు నుండి తెరమీదికి

ఇరవయ్యవ శతాబ్దములో పాలకొల్లు పనివారు నడిచిన దారి నాటకము మీదుగా సాగింది. అల్లు రామలింగయ్యగారు 1922లో పాలకొల్లులో జన్మించారు. నాటక రంగములో పేరు తెచ్చుకొని, 1953లో డాక్టరు గరికపాటి రాజారావుగారి "పుట్టిల్లు" చిత్రముతో సినిమాలో ప్రవేశించారు. రాజారావుగారు ప్రజానాట్యమండలి నిర్మాతలలో ముఖ్యులు. జమునగారికి కూడ అదే తొలి చిత్రము. సినిమాకు కొత్తవారైనా నాటకమునకు పాతవారిని రాజారావుగారు తీసుకొన్నారు. వారికి మాట పలకడము, జనము ఎదుట నిలబడడము, పదిమందితో కలిసి పనిచేయడము ముందే తెలుసు. తెలియనిది కెమెరా ఒక్కటే. అది నేర్పవచ్చును. రామలింగయ్యగారు ఆ తరువాత అర్ధశతాబ్దము పాటు నటించి, 1990లో పద్మశ్రీ పొంది, 2004లో కన్నుమూశారు.

ఆయన కుమారుడు అల్లు అరవింద్‌గారు 1972లో గీతా ఆర్ట్స్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థ తొలి చిత్రము "బంట్రోతు భార్య" 1974లో వచ్చింది. దానికి దర్శకుడు కూడ పాలకొల్లువారే, దాసరి నారాయణరావుగారు.

దాసరిగారి జీవితములో మన విషయమునకు పనికివచ్చే అంశములు మూడు ఉన్నాయి. మొదటిది, ఆయన కూడ నాటకము నుండి వచ్చినవారు. మద్రాసు చేరి, ఇతరుల చిత్రములకు రచనలోను, దర్శకత్వ శాఖలోను పనిచేసి, తరువాత దర్శకులయ్యారు. రెండవది, ఆయనకు "తాత మనవడు" చిత్రముతో తొలి అవకాశము ఇచ్చిన నిర్మాత కె. రాఘవగారు. అప్పటికి దర్శకుడిగా ఏ పేరూ లేని మనిషి చేతిలో తన సొమ్ము పెట్టగలిగిన నిర్మాత ఒకరు ఉండడము వలననే ఆ దర్శకుడు లోకమునకు తెలిశాడు. మూడవది, దాసరిగారు తాము నేర్చినది తమతో ఉంచుకోలేదు. 1975లో "స్వర్గం నరకం" చిత్రమును కొత్త నటులతో తీశారు. మోహన్‌బాబుగారు ప్రముఖ పాత్రతో తెలిసినది ఆ చిత్రముతోనే. నూట యాభైకి పైగా చిత్రములకు దర్శకత్వము వహించిన ఆయన వద్ద సహాయకులుగా పనిచేసి దర్శకులైనవారిలో పాలకొల్లువారు ఇద్దరు ఉన్నారు. ఒకరు రేలంగి నరసింహారావుగారు, మరొకరు కోడి రామకృష్ణగారు.

కోడి రామకృష్ణగారికి 1982లో తొలి అవకాశము ఇచ్చినది కూడ ఆ రాఘవగారే. చిత్రము "ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య". చాలా భాగము పాలకొల్లు, నరసాపురము, సఖినేటిపల్లి పరిసరములలో చిత్రీకరించారు. కథ, మాటలు వ్రాసిన గొల్లపూడి మారుతీరావుగారు నాటక రచయిత, ఆకాశవాణిలో ఉద్యోగము చేసినవారు. ఆ చిత్రముతోనే నటుడిగా కూడ తెరమీదికి వచ్చారు. నాటకము, రేడియో, సినిమా అను మూడు శాఖలు ఒక్క యూనిటులో ఎట్లు కలిశాయో ఇక్కడ చూడవచ్చును.

అదే కోడి రామకృష్ణగారు 1995లో "అమ్మోరు", 2009లో "అరుంధతి" చిత్రములు తీశారు. ఆ చిత్రముల ఇతివృత్తము ఇక్కడ మన చర్చకు విషయము కాదు. పనిచేసిన తీరు మాత్రము విషయమే. తెలుగులో కంప్యూటరు గ్రాఫిక్సును పెద్దయెత్తున వాడిన తొలి చిత్రములలో "అమ్మోరు" ఒకటి. గ్రాఫిక్సు అనుభవము దాదాపు లేని పరిశ్రమలో, నిర్మాత శ్యామ్‌ప్రసాద్‌రెడ్డిగారు ఎంతో కాలము ఓర్చి ఆ చిత్రమును పూర్తిచేయించారు. పద్నాలుగేళ్లకు అదే నిర్మాత, అదే దర్శకుడు "అరుంధతి"కి మళ్లీ కలిశారు. మొదటిసారి పడిన శ్రమ రెండవసారికి పెట్టుబడి అయింది. నిర్మాత మొదటి కష్టమునకే విసిగి మనుష్యులను మార్చివేసి ఉంటే ఆ అనుభవము ఎవరికీ దక్కేది కాదు.

ఈ వరుసను ఒకసారి తిరిగి చూడండి. రాఘవగారు దాసరిగారికి అవకాశమిచ్చారు. దాసరిగారు కోడి రామకృష్ణగారికి పని నేర్పారు. పని నేర్చిన ఆ శిష్యునికి తిరిగి రాఘవగారే అవకాశమిచ్చారు. నేర్పేవాడు ఒకడు, నమ్మేవాడు ఒకడు. ఈ ఇద్దరూ ఉన్నచోట పనివాడు తయారవుతాడు. పాలకొల్లులో ఏదో నీటి మహిమ ఉన్నదని ఊరివారు సరదాకు చెప్పుకోవచ్చును. చరిత్ర చూపేది మాత్రము ఈ గొలుసునే.

3. కరుణామయుడు: ఒక క్రీస్తు చిత్రము వెనుక మనుష్యులు

సినిమా మార్గము సంఘమునకు వర్తించదని కొందరు అనవచ్చును. అందుకు జవాబుగా "కరుణామయుడు" చిత్రమును తీసుకొందాము. 1978 డిసెంబరులో విడుదలైన ఈ చిత్రమునకు దర్శకుడు ఎ. భీమ్‌సింగ్‌గారు. ఆయన కృష్ణన్ - పంజు దర్శకద్వయము వద్ద ఎడిటింగ్ శాఖలో పని నేర్చుకొని దర్శకుడైనవారు. ఆయన కుమారులలో లెనిన్‌గారు ఎడిటరుగా, కణ్ణన్‌గారు ఛాయాగ్రాహకుడిగా ప్రసిద్ధులయ్యారు. ఇక్కడ కూడ నేర్చినవాడు నేర్పిన వరుసే కనబడుతున్నది.

క్రీస్తు పాత్రను విజయచందర్‌గారు ధరించారు. చిత్ర నిర్మాణ భారమును కూడ ఆయన మోశారు. రచనలో ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన క్రిస్టఫర్ కొయిలో ఫాదరుగారు పాలుపంచుకొన్నారు. "కదిలింది కరుణరథం" పాట వ్రాసినది మోదుకూరి జాన్సన్‌గారు, పాడినది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు. భీమ్‌సింగ్‌గారు విడుదలకు పదకొండు నెలల ముందు, 1978 జనవరిలో, మరణించారు. మిగిలినవారు పని పూర్తిచేశారు. విశాఖపట్నపు అనువాదకుల విషయములో చూచినదే ఇక్కడ మళ్లీ చూస్తున్నాము.

ఈ యూనిటును గమనిస్తే ఒక సంగతి తేటపడుతుంది. వాక్యము తెలిసినవారిని వాక్యము వద్ద, పని తెలిసినవారిని పని వద్ద ఉంచారు. క్రైస్తవుడు కాని గాయకుని చేత పాడించారు, సన్యాస సభకు చెందిన ఫాదరుగారి చేత రచనకు సాయము చేయించారు. ఒకరి పని మరొకరిమీద రుద్దలేదు. నేడు మన విభాగములలో భక్తి ఉన్నదని కెమెరా చేతికిస్తాము, కెమెరా వచ్చునని వాక్యపు స్క్రిప్టు వ్రాయిస్తాము. రెండు చోట్లా ఫలితము ఒక్కటే.

ఆ చిత్రము "దయాసాగర్" పేరుతో హిందీలోకి వెళ్లింది. థియేటర్లలో ఆడడముతో దాని పని ముగియలేదు. ప్రొజెక్టరు, తెర, జనరేటరు బండిలో వేసుకొని ఊరూరా తిరిగిన బృందములు దానిని ఏళ్ల తరబడి చూపించాయి. ఆ బృందములలో ప్రొజెక్టరు నడిపినవారి పేర్లు చిత్రము ఆఖరున పడవు. అయితే రీలు తెగితే చీకటిలో అతికించినది వారే, జనము లేచిపోకుండ కూర్చోబెట్టినది వారే. ప్రదర్శన కూడ ఉత్పత్తిలో భాగమేనని, దానికి కూడ నేర్పరి కావాలని ఈ చరిత్ర గుర్తుచేస్తున్నది.

4. రేడియో నేర్పినది: జవాబు వ్రాసేవాడు కూడ సిబ్బందే

చిత్రము చూపినవారు చూచేవారి ముఖములు చూడగలిగారు. రేడియోలో ఆ వీలు లేదు. లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ అడిస్ అబాబా నుండి నడిపిన "రేడియో వాయిస్ ఆఫ్ ది గాస్పెల్" 1963లో ప్రారంభమై, 1977లో ఇథియోపియా ప్రభుత్వము స్వాధీనము చేసుకొనేవరకు సాగింది. సీషెల్స్ దీవుల నుండి ఫీబా ప్రసారములు 1970లో మొదలై 2003 వరకు మన దేశమునకు వినిపించాయి. ఇటువంటి ప్రసారములకు రచయిత, కంఠము, గాయక బృందము, రికార్డింగు చేసేవాడు కావాలి. వీరందరికంటె ముఖ్యమైన మరొక మనిషి కూడ కావాలి. శ్రోతలు వ్రాసిన ఉత్తరములను చదివి, ఒక్కొక్కదానికి జవాబు వ్రాసేవాడు.

ఉత్తరము రాకపోతే కార్యక్రమము ఎవరైనా విన్నారో లేదో తెలియదు. వచ్చిన ఉత్తరమునకు జవాబు వెళ్లకపోతే విన్నవాడు మళ్లీ వినడు. అందుచేత రేడియో పరిచర్యలు జవాబు వ్రాసేవారిని విభాగములో భాగముగానే చూశాయి. నేడు ఉత్తరము స్థానములో ఫోనుకు సందేశము వస్తున్నది. "ప్రార్థన చేయండి" అని ఒక తల్లి అర్ధరాత్రి పంపిన మాట తెల్లవారేసరికి వందల సందేశముల క్రింద పూడిపోతున్నది. మన విభాగములలో కెమెరాలు మూడు ఉండవచ్చును. ఆ తల్లికి జవాబు చెప్పే బాధ్యత ఎవరిదో మాత్రము వ్రాసి ఉండదు.

5. ఆ మార్గములోని లోపములు

చరిత్రను పొగడ్తకు మాత్రమే వాడుకొంటే దానికి అన్యాయము చేసినట్లే. గురువు వద్ద సహాయకుడిగా చేరి నేర్చుకొనే పద్ధతిలో లోపములు కూడ ఉన్నాయి.

మొదటిది, జీతము. నేర్చుకొనేవాడికి చాలీచాలనిది ఇచ్చి, "విద్య వస్తున్నది కదా" అని సర్దిచెప్పడము ఆ రంగములో ఎప్పటినుండో ఉన్నది. ఇంటి నుండి ఆసరా ఉన్నవాడు మాత్రమే అటువంటి కాలమును దాటగలడు. రెండవది, పరిచయము. ఊరివాడు ఊరివాడిని పిలవడము మంచిదే. అయితే ఊరు, కులము, బంధుత్వము లేనివాడికి ఆ తలుపు ఎట్లు తెరుచుకొంటుంది? మూడవది, స్త్రీలు. భానుమతీ రామకృష్ణగారు 1953లోనే "చండీరాణి"కి దర్శకత్వము వహించారు. అయినా ఆ తరువాతి దశాబ్దములలో దర్శకత్వ, సాంకేతిక శాఖలలోకి స్త్రీలు వచ్చినది చాలా తక్కువ. మేము పైన చెప్పిన పాలకొల్లు గొలుసులో ఒక్క స్త్రీ పేరు కూడ లేదని పాఠకులు ఈపాటికి గమనించి ఉంటారు.

ఈ విషయములో సంఘ చరిత్ర సినిమాకంటె ముందే ఒక మంచి మాదిరి చూపింది. మిషను కాలములో బైబిలు స్త్రీలు ఇల్లిల్లు తిరిగి వాక్యము చెప్పారు, చదువు నేర్పారు. వారు శిక్షణ పొందినవారు, పనికి జీతము పొందినవారు. ఆ మాదిరిని మనము మల్టీమీడియా కాలములో మరచిపోయాము. కథ చెప్పడములోను, పాట నేర్పడములోను, పిల్లల మనస్సు తెలియడములోను సండేస్కూలు నడిపే మన సహోదరీలకు సాటివచ్చేవారు తక్కువ. విభాగమునకు పనివారు లేరని వాపోయే సంఘము వారివైపు చూచినదా?

6. మేము చేసిన పొరపాటు

ఇతరుల లోపములు వ్రాసినప్పుడు మా లోపము దాచడము న్యాయము కాదు. కొన్ని ఏళ్ల క్రితము మేము సేవచేసిన ఒక సంఘములో ఇటువంటి విభాగమును ప్రారంభించాము. కానుకలు పోగుచేసి కెమెరా, కంప్యూటరు కొన్నాము. ప్రతిష్ఠ ఆరాధన కూడ జరిపాము. పనికి ఒక యౌవనస్థుడు దొరికాడు. పెండ్లి వీడియోలు తీసే దుకాణములో పనిచేసేవాడు. చిత్రీకరణ అతడే, ఎడిటింగు అతడే, మైకు సర్దేది అతడే, పాటలకు అక్షరములు వేసేది అతడే. క్రిస్మసుకు ముందు వారములలో రాత్రి రెండు గంటల వరకు మందిరములోనే కూర్చొనేవాడు. "సేవగా చేయి బాబూ, దేవుడు చూస్తాడు" అని మేము అనేవారము. పెట్రోలు ఖర్చు ఎప్పుడైనా ఇచ్చాము, ఎప్పుడైనా మరచాము.

ఒక రోజు అతడు వచ్చి, "అయ్యగారూ, హైదరాబాదులో పని దొరికింది, వెళ్తున్నాను" అన్నాడు. ఉండమని అడిగాము. అతడు తలవంచుకొని, "ఇక్కడ నా పని ఏమిటో మా నాన్నకు కూడ తెలియదండి. వీడియోలో మీ పేరు ఉంటుంది, మీ ఫోటో ఉంటుంది. నేనూ ఉన్నానని ఎట్లు చెప్పేది?" అన్నాడు. ఆ మాటకు మా వద్ద జవాబు లేదు.

అతడు వెళ్లిన తరువాత కంప్యూటరులో ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో చెప్పేవాడు లేడు. ఛానలు సంకేతపదము అతని పాత ఫోనుకు ముడిపడి ఉన్నది. కెమెరాను బీరువాలో పెట్టాము. డెల్టా తేమ సంగతి తెలిసినదే కదా, వర్షాకాలము దాటి తీసేసరికి లెన్సు లోపల బూజు పట్టింది. మేము సంపాదించుకొన్నది యంత్రమును, పోగొట్టుకొన్నది మనిషిని. శ్రీరాంపూరులో అక్షరములు కాలిపోయి మనుష్యులు మిగిలారు. మా సంఘములో యంత్రములు మిగిలి మనిషి వెళ్లిపోయాడు. రెండింటిలో ఏది పెద్ద ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు.

7. లేఖనము, చరిత్ర కలిసి చెప్పునది

నిర్గమకాండము 31, 35 అధ్యాయములలో ప్రత్యక్షగుడారపు పనికి బెసలేలును, అహోలీయాబును దేవుడు పేరుపెట్టి పిలిచాడు. వారికి చేతిపని నేర్పుతోపాటు ఇతరులకు నేర్పే మనస్సు కూడ ఇచ్చాడని 35:34 చెబుతున్నది. మొదటి దినవృత్తాంతములు 25లో సంగీత సేవకు శిక్షణ పొందినవారు 288 మంది. గురువు, శిష్యుడు అను భేదము లేకుండ వంతులు వేసుకొన్నారు. రోమా పత్రిక 16:22లో పౌలు చెప్పగా వ్రాసిన తెర్తియు తన పేరుతోనే వందనము చెప్పాడు. అపొస్తలుని పత్రికలో లేఖకుని పేరుకు చోటు దొరికింది. మన వీడియోలో ఎడిటరు పేరుకు చోటు దొరకదా?

ఈ వెలుగులో, మల్టీమీడియా విభాగము ప్రారంభించదలచిన సంఘములకు మేము కొన్ని సూచనలు చేయదలిచాము.

మొదట యంత్రముల జాబితా కాక పనుల జాబితా వ్రాయాలి. ఏమి తీయాలో నిర్ణయించి బాధ్యత వహించేవారు, వ్రాసేవారు, శబ్దము చూచేవారు, చిత్రీకరించేవారు, కూర్చేవారు, భద్రపరచేవారు, జవాబు చెప్పేవారు. సినిమావారు తమ పనిని ఇరవైనాలుగు శాఖలుగా చెప్పుకొంటారు. చిన్న సంఘమునకు ఈ ఏడు పనులు చాలును. ముగ్గురు మనుష్యులు ఏడు పనులు పంచుకోవచ్చును, ఒక్కడు మాత్రము మోయకూడదు.

రెండవది, కెమెరాకు ముందు రచయితను, శబ్దము చూచేవారిని వెదకాలి. బొమ్మ కొంచెము మసకగా ఉన్నా జనము ఓర్చుకొంటారు. మాట వినబడకపోతే ఒక్క నిమిషము కూడ ఉండరు. చెప్పవలసిన మాటే సరిగా లేకపోతే ఎంత మంచి యంత్రమైనా దానిని కాపాడలేదు.

మూడవది, ప్రతి పనికి రెండవ మనిషి ఉండాలి. పంచాననుడికి మనోహరుడు ఉన్నట్లు, నేర్చినవారి ప్రక్కన నేర్చుకొనేవారు కూర్చోవాలి. సంకేతపదములు, ఫైళ్ల వివరములు సంఘ పుస్తకములో వ్రాసి ఉంచాలి.

నాలుగవది, పనివారిని దూరము వెళ్లి వెదకనక్కరలేదు. డెల్టాలో ప్రతి పట్టణములోను పెండ్లి వీడియోలు తీసేవారు, మైకుసెట్లవారు, ఫ్లెక్సీలు అచ్చువేసేవారు ఉన్నారు. వారి పనికి ముహూర్తములే లెక్క. ఆషాఢములోను, మూఢము రోజులలోను, ధనుర్మాసములోను వారికి తీరిక ఉంటుంది. క్రిస్మసు దినములు ధనుర్మాసములోనే వస్తాయి కదా. ఆ తీరికలో వారికి న్యాయమైన కూలి ఇచ్చి, మన యౌవనస్థులకు, సహోదరీలకు పని నేర్పించుమని అడగవచ్చును. నేర్పుటకు క్రైస్తవుడే కావాలని నియమము పెట్టుకోనక్కరలేదు. సొలొమోను మందిరమునకు తూరు పనివాడైన హీరాము వచ్చాడు.

ఐదవది, జీతము, పేరు. స్వచ్ఛందముగా చేసేవారికి ఎన్ని గంటలో ముందే చెప్పాలి. ఆ హద్దు దాటిన పనికి జీతము ఇవ్వాలి. ఇవ్వలేకపోతే అంత పని పెట్టుకోకూడదు. కోతపనివారి కూలి బిగబట్టినవారిని గూర్చి యాకోబు పత్రిక 5:4 చెప్పినది ఎడిటింగు గదికి కూడ వర్తిస్తుంది. ప్రతి వీడియో చివర పనిచేసినవారి పేర్లు వేయాలి. దానికి రూపాయి కూడ ఖర్చు లేదు.

ముగింపు

పాలకొల్లు నుండి వెళ్లినవారిలో అల్లు రామలింగయ్యగారు, 2017లో దాసరిగారు, 2019లో కోడి రామకృష్ణగారు ఈ లోకము విడిచారు. వారు వాడిన కెమెరాలు, ఎడిటింగు బల్లలు నేడు ఎవరూ వాడడము లేదు. ఫిలిం పోయింది, డిజిటల్ వచ్చింది, రేపు మరొకటి వస్తుంది. వారి వద్ద పని నేర్చినవారు, వారివద్ద నేర్చిన మరికొందరు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు.

మా సంఘమును విడిచి వెళ్లిన ఆ యౌవనస్థుడు ఇప్పుడు హైదరాబాదులో ఎడిటరుగా స్థిరపడ్డాడు. ఈ మధ్య ఒక పండుగకు ఊరు వచ్చినప్పుడు మమ్మును పలకరించాడు. మేము క్షమాపణ అడిగాము. అతడు నవ్వి, "పోనిండి అయ్యగారూ, ఇప్పుడెవరైనా పిల్లలు ఉన్నారా? ఉంటే రెండు రోజులు ఉండి నేర్పుతాను" అన్నాడు. మేము ఇద్దరిని పిలిచాము. అందులో ఒక అమ్మాయి. రెండు దినములు వారు ముగ్గురూ తలుపు వేసుకొని కూర్చొన్నారు. ఆ నెల వీడియో చివర మూడు పేర్లు పడ్డాయి. మా పేరు వాటి తరువాత వేయించుకొన్నాము.